కవరు విప్పని మీటరు

కార్ఖానాలో ఆమెను అందరూ ఎర్రగోళ్ల అక్క అనేవారు. పదకొండేళ్లుగా ఆమెది ఒకటే పని. ప్లాటినం పోర్ఫిరిన్ అనే ఎర్రని రంగుపొడిని ద్రావకంలో కలిపి, సన్నని గాజుపుల్లల కొసలకు చుక్కలుగా అద్దాలి. ఎండ తగిలితే ఆ రంగు చచ్చిపోతుంది కాబట్టి గది కిటికీలకు నల్లగుడ్డ కట్టి ఉండేది. ఆరిన చుక్కమీద ఆకుపచ్చ కాంతి పడితే ఎర్రగా మెరుస్తుంది. ఆక్సిజన్ బాగా ఉన్నచోట ఆ మెరుపు చప్పున ఆరిపోతుంది, తక్కువైనచోట కాసేపు నిలుస్తుంది. ఆ పుల్లలు బిగించి కార్ఖానాలో తయారుచేసే మీటరు ఆ తేడాను కొలిచి, గాలిలో ఆక్సిజన్ నూటికి ఎంతుందో అంకె చూపిస్తుంది.

ఆమె తమ్ముడు పాలపొడి ఫ్యాక్టరీలో మురుగుతొట్లు కడిగేవాడు. ఒక సోమవారం తొట్టిలోకి దిగుతూ నిచ్చెన మీదే సొమ్మసిల్లి కిందపడ్డాడు. తోటివాళ్లు నడుముకున్న తాడు పట్టి పైకి లాగారు. ప్రాణమైతే దక్కింది. మాట మాత్రం ముద్దయిపోయింది, చొక్కా బొత్తాం పెట్టుకోబోతే వేళ్లు వణికేవి.

"ఏమీ తినకుండా వచ్చాడమ్మా, కళ్లు తిరిగాయి," అన్నాడు వాళ్ల సూపర్‌వైజరు ఆస్పత్రి వరండాలో.

"నా చేత్తో వడ్డించి పంపాను," అంది ఆమె. అతను గడియారం చూసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు తమ కార్ఖానా క్యాంటీన్లో స్టోరుకీపరు జాలిపడబోయి నోరు జారాడు. "అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది కదక్కా మీ పని!"

ఆమె గ్లాసు బల్లమీద ఠపీమని పెట్టింది. "ఆ ఫ్యాక్టరీకి మన మీటరు వెళ్లిందా లేదా? చూసి చెప్పు."

అతను స్టోరుకెళ్లి రిజిస్టరు తిరగేశాడు. రెండేళ్ల కిందటే ఒకటి వెళ్లింది.

ఆమె ఆ పూటే సెలవు పెట్టి పాలపొడి ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు గదికి వెళ్లింది. అడగ్గా అడగ్గా అతను ఇనుప బీరువా తెరిచాడు. మీటరు కవరు కూడా విప్పలేదు. లేబుల్ మీద గాజుపుల్ల నంబరు ఆమె చేతిరాతే.

"ఖరీదైన వస్తువమ్మా. వీళ్లకిస్తే పాడుచేస్తారని జాగ్రత్తగా దాచాను."

"మనుషులు పాడైతే ఫరవాలేదా?"

కిటికీలోంచి చూస్తే అదే తొట్టి దగ్గర మరొకడు నడుముకు తాడు కట్టుకుంటున్నాడు. ఆమె మీటరును అక్కడే ఛార్జింగుకు పెట్టి, పరుగున వెళ్లి తొట్టి మూత వేసి దానిమీద కూర్చుంది. సూపర్‌వైజరు అరిచాడు, బెదిరించాడు, వాచ్‌మన్‌ను పిలిచాడు. వాచ్‌మన్ వచ్చాడు కానీ ఆమె మొహం చూసి దూరంగానే నిలబడ్డాడు.

అరగంటకు మీటరు తెప్పించింది. బయటి గాలిలో ఇరవై ఒకటి చూపించింది. సరిగ్గానే పనిచేస్తోంది. మూత తీసి, గాజుపుల్లను తీగతో కిందికి వదిలింది. పదిహేను. తొమ్మిది. ఆరు. తాడు కట్టుకున్నవాడు చుట్టూ చేరినవాళ్ల ముందే ముడి విప్పేసుకున్నాడు.

ఆమె సూపర్‌వైజరు వైపు తిరిగింది. "నువ్వు కడుపునిండా తినే వచ్చావుగా? దిగు! దిగి చూపించు!"

అతను రెండడుగులు వెనక్కి వేశాడు.

ఆ రోజు నుంచి అంకె చూడందే తొట్టిలోకి దిగేది లేదన్నారు పనివాళ్లంతా. వారంలో గాలి తోడే ఫ్యాన్లు కూడా వచ్చాయి. ఆమెమీద సూపర్‌వైజరు చేసిన ఫిర్యాదు మాత్రం ఆమె కార్ఖానా మేనేజరుకు చేరింది. క్షమాపణ రాసివ్వమన్నాడాయన.

"రాస్తే జరిగిందంతా రాస్తాను సార్. పంపే దమ్ముంటే కాగితమివ్వండి."

ఆయన ఇవ్వలేదు. తమ్ముడు మళ్లీ తొట్ల పనికి పోలేదు. ఆ సూపర్‌వైజరు ఒక్కసారైనా వాణ్ని చూడ్డానికి రాలేదు. బస్సు ఆ గేటు ముందు ఆగిన ప్రతిసారీ ఆమెకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.