మువ్వకు మెలకువ వచ్చేదాకా

రాజాంలో పశువైద్యురాలు సుహాసినిగారి ఆసుపత్రిలో అసిరమ్మ ఉద్యోగం ఊడ్చి తుడవడం. అయితే ఆపరేషనయిన కుక్క మత్తులోంచి లేచేదాకా పక్కన కూర్చునేది కూడా ఆవిడే. చిగుళ్లు ఎర్రగా ఉన్నాయా, డొక్క ఆడుతోందా, ఒళ్లు చల్లబడుతోందా అని చూడడం డాక్టరమ్మే నేర్పింది. చిన్న కుక్కలు ఇట్టే చల్లబడిపోతాయి. అందుకని పాత చీరముక్క చుట్టి, వేడినీళ్ల సంచి పక్కన పెట్టి, కబుర్లు చెబుతూ కూర్చుంటుంది. కళ్లు తెరిచిన కుక్కకు ముందు అసిరమ్మే కనబడుతుంది. ఆనక యజమాని గొంతు వినబడిందంటే చాలు, అసిరమ్మ ఎవరో దానికి తెలీదు. అలా వెళ్లిపోయిన ప్రతిసారీ ఆవిడ ప్రాణం ఉసూరుమంటుంది. ఇంటికెళితే గుమ్మంలో తోకాడించేవాళ్లు లేరు. ఒకప్పుడు ఉండేది.

మొన్న అనంతపద్మనాభంగారు తన బుల్లి కుక్క మువ్వను ఒళ్లో పెట్టుకుని ఆటో దిగారు. సంగీతం మాస్టారుగా రిటైరయిన మనిషి. భార్య పోయాక ఆయన పాట వినేది ఆ మువ్వ ఒక్కతే. దానికి పళ్లు పుచ్చి తిండి సయించడం లేదు. మత్తిచ్చి పీకాలి. తూకం వేస్తే నిండా మూడు కిలోలు లేదు. అంత చిన్న ప్రాణానికి మందు చుక్క ఎక్కువైనా ప్రమాదమే.

"రాత్రి నుంచి ఏమీ పెట్టలేదు కదండీ?" అని డాక్టరమ్మ అడిగింది.

"అబ్బే! ఒక్క మెతుకు ముట్టనివ్వలేదు," అన్నారాయన దర్జాగా.

మువ్వను పట్టుకోబోయిన అసిరమ్మ ఆగింది. దాని మూతి మీసాలకు తెల్లగా ఏదో అంటుకుని ఉంది.

"పంతులుగారూ, ఇదేటండి? పెరుగు కాదేటి?"

"అదీ ఒక తిండేనా! మంచి పనికి బయల్దేరుతూ చెంచాడు పెరుగు నోట్లో వేసుకుంటాం. మా ఇంట్లో పరీక్షలకెళ్లినా, పెళ్లిచూపులకెళ్లినా అంతే."

డాక్టరమ్మ సిరంజి పక్కన పెట్టేసింది. ఇవాళ కుదరదంది. ఆయనకు ఒళ్లు మండింది. అది నొప్పితో అల్లాడుతుంటే చెంచాడు పెరుగుకు ఇంత రాద్ధాంతమా అని కేకలేశారు.

"నా కుక్కని నా సేత్తో నేనే సంపుకున్నానండి," అంది అసిరమ్మ. "ఆరేళ్లయినాది. ఆకలికి మూలుగుతుంటే సూడలేక గుప్పెడన్నం ఎట్టీసినాను. డాక్టరమ్మ అడిగితే, తిడతాదని లేదనీసినాను. మత్తులో కక్కుకున్నాది. ఆ కక్కు ఊపిరితిత్తుల్లోకి ఎలిపోనాది. మరి లెగలేదు."

ఆయన మువ్వను గుండెకు హత్తుకుని ఇంటికి తీసుకుపోయారు.

రెండు రోజులకు మళ్లీ వచ్చారు. డాక్టరమ్మ చెప్పినట్టే రాత్రి తిండి పెట్టి ఆపేశారు, పొద్దున కాసిని నీళ్లే పట్టారు. పెరుగు ఈసారి తన నోట్లో వేసుకుని బయల్దేరారట.

పళ్లు పీకడం సజావుగానే అయింది. లేవడమే ఆలస్యమైంది. ఒళ్లు చల్లగా తగిలి, చిగుళ్లు పాలిపోయినట్టు కనబడి అసిరమ్మ డాక్టరమ్మను కేకేసింది. డాక్టరమ్మ దాని గుండె చప్పుడు విని, వేడి తగ్గిందని సంచి మార్పించింది. బయట బల్లమీద ఆయన లేస్తున్నారు, కూర్చుంటున్నారు. అసిరమ్మ మువ్వ వీపు రుద్దుతూనే ఉంది.

"లెగమ్మా. నా కోసం కాదులే, ఆయన కోసం లెగు. ఆ ముసలాయనకి నువ్వు తప్ప ఎవులున్నారు?"

ఎంతసేపటికో డొక్క గట్టిగా ఎగిసింది. మువ్వ కళ్లు తెరిచి, ఎదురుగా ఉన్న ముఖం చూసి, చేతిలో మూతి పెట్టి బొటనవేలు నాకింది. వెంటనే ఆయన్ను పిలవాలని అసిరమ్మకు తెలుసు. ఒక్క నిమిషం పిలవలేదు.

పిలిచాక అంతా మామూలే. ఆయన గొంతు వినగానే మువ్వ తూలుతూ అటే పాకింది. ఆయన కళ్లనీళ్లతో చేతులు జోడించారు. గుమ్మం దాటుతుండగా అసిరమ్మ వెనకాలే వెళ్లింది.

"పంతులుగారూ, దీనికి ఒంట్లో బాగున్నప్పుడు కూడా ఓపాలి తీసుకొస్తారేటి? మందుకి కాదండి. నన్ను సూడ్డానికి."