లాంగ్ ట్రావెల్ ఫోర్కు

ఈ సంగతి మా ఇంట్లో ఇప్పుడు నవ్వులాటగా మారిపోయింది. పెళ్లికో పేరంటానికో నలుగురు చేరితే మా చెల్లెలే మొదలుపెడుతుంది: "మా అన్న డిక్షనరీ సూసి సైకిలుకు ఫోర్కు తెచ్చినాడు, తెలుసునా?" అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను. చెప్పగా చెప్పగా అందులోంచి భయం రాలిపోయింది. ఆ మధ్యాహ్నం నేను పడ్డ భయం ఇప్పుడు నా ఒక్కడికే గుర్తుంది. నాలాగా బడి మానేసి, పుస్తకాలు పట్టుకుని పైకొచ్చామని మురిసిపోయేవాళ్లకు అది తెలియాలి. అందుకే రాసి పెడుతున్నాను.

నా చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. మదనపల్లె టమోటా మండీలో పొద్దున పని. ఎండెక్కేసరికి పని అయిపోయేది. కాళ్లకు అంటిన టమోటా రసం కడుక్కుని గ్రంథాలయానికి వెళ్లేవాణ్ణి. తొంభైలలో అక్కడి తెలుగు పుస్తకాలు చాలావరకు చదివేశాక, నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు పుస్తకాలు మొదలుపెట్టాను. మండీలో అందరూ "ఏమప్పా లెక్చరరూ" అని పిలిచేవాళ్లు. ఎగతాళికే అయినా ఆ పిలుపు నాకు బాగుండేది.

రెండువేలు దాటాక మా చెల్లెలికి పుంగనూరులో ఉద్యోగం దొరికింది. పట్టుపురుగులు పెంచే రైతుల ఊళ్లు తిరిగి, పురుగులకు రోగం తగిలిందేమో చూసి చెప్పడం. అన్నీ బస్సు పోని ఊళ్లు. బెంగళూరులో ఎవరో వాడి వదిలేసిన కొండ సైకిలు ఒకటి సంపాదించుకుంది. దానికి వెనక స్ప్రింగు లేదు. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కుకు మాత్రం రెండు కాళ్లు, కాళ్ల లోపల స్ప్రింగులు. గుంతలో పడితే కుంగి లేవాలి. ఒకరోజు కుంగింది గానీ లేవలేదు. చెల్లెలు హ్యాండిలు మీదుగా పడి గడ్డం చీల్చుకుంది.

పుంగనూరు బస్టాండు దగ్గర, బెంగళూరులో గేరు సైకిళ్ల షాపులో పనిచేసి వచ్చిన మెకానిక్కు ఒకాయన ఉండేవాడు. ఆయన చూసి పెదవి విరిచాడు.

"లోపల తుప్పు తినేసిండాది. వేరేది ఎయ్యాల్సిందే. అయితే ఏది పడితే అది పట్టదప్పా."

"నేను చదివి తెస్తాను" అన్నాను.

"సదివి తెస్తావా!" అని ఆయన చెల్లెలి వైపు చూశాడు. "ఇంగేమమ్మా, నీకు బయం లేదు."

గ్రంథాలయంలో సైకిలు రిపేరు మీద ఒక ఇంగ్లీషు పుస్తకం ఉంది. ఎవరూ ముట్టుకోక పేజీలు అతుక్కుపోయాయి. మూడు మధ్యాహ్నాలు కూర్చుని కావలసినవి రాసుకున్నాను. ఫోర్కు పైగొట్టం లావు ఫ్రేముకు సరిపోవాలి. ఆ గొట్టం పొడవు చాలాలి. మా చెల్లెలి సైకిలుకు బ్రేకులు చక్రం అంచును పట్టుకునేవి కాబట్టి, వాటిని బిగించే మొలలు ఫోర్కుకు ఉండాలి. ఈ మూడూ దారంతో కొలిచి, ముళ్లు వేసి తప్పు లేకుండా పెట్టుకున్నాను. నాలుగోది ట్రావెల్. నిఘంటువులో చూశాను: ప్రయాణం. మా వైపు బెంగళూరుకు పోయే ప్రైవేటు బస్సులను కూడా ట్రావెల్సు అనే అంటాం. నాకు అనుమానం రాలేదు. షార్ట్ ట్రావెల్ ఫోర్కు దగ్గరి ఊళ్లకు, లాంగ్ ట్రావెల్ ఫోర్కు దూరపు ఊళ్లకు అని రాసుకుని కింద గీత గీశాను.

బెంగళూరు నుంచి రైల్లో పాత సామాను తెచ్చి అమ్మే అంగడి కుప్పంలో ఉందని మెకానిక్కే చెప్పాడు. వెళ్లాను. నా దారాలకు సరిపోయిన ఫోర్కులు రెండు దొరికాయి. ఒకటి పాతదానంతే ఉంది. రెండోది జానెడు కాకపోయినా నాలుగు వేళ్లు పొడుగు.

"ఇందులో లాంగ్ ట్రావెల్ ఏది?" అని అడిగాను.

అంగడాయన పొడుగుది నా చేతికిచ్చాడు. "ఇదే సార్. బాగా సదువుకున్నోళ్ల మాదిరి అడగతాండారే!"

ఆ మాటకు పొంగిపోయాను. పొడుగు సంగతి కంటికి కనబడుతూనే ఉంది. పాతది వాడి వాడి కుంగిపోయి పొట్టిదైందిలే అని సర్దుకున్నాను.

ఆదివారం పుంగనూరులో బిగించాక మెకానిక్కు సైకిలుకు దూరంగా వెళ్లి నిలబడ్డాడు.

"ముక్కు పైకి లేసిండాది సూడప్పా. గుర్రం ముందరికాళ్లు ఎత్తినట్టుండాది."

"దూరం పోయే సైకిలుకు అట్లే ఉండాల. బుక్కులో ఉండాది."

"సైకిలు బుక్కు తొక్కతాదా, మీ సెల్లెలు తొక్కతాదా?"

"మా అన్న సదివే తెచ్చినాడులేన్నా" అంది చెల్లెలు.

మర్నాడు మండీ పని అయ్యాక గ్రంథాలయంలో మళ్లీ ఆ పుస్తకం తీశాను. గెలిచినవాడు మార్కులు మళ్లీ చూసుకున్నట్టు, అంతే. ఈసారి అతుక్కున్న రెండు పేజీలు విడదీశాను. లోపల ఫోర్కు బొమ్మ. దాని కాలి పక్కన పైకీ కిందికీ బాణం గుర్తు, దాని మీద ట్రావెల్ అని ఉంది. ప్రయాణం సైకిలుది కాదు, ఆ కాలిది. ఎంత కుంగుతుందో ఆ కొలత! కింది నాలుగు వాక్యాలు నిఘంటువు చూసుకుంటూ కూడబలుక్కుని చదివాను. ఫ్రేము ఓర్చుకోగలిగినదానికన్నా పొడుగు ఫోర్కు వేస్తే బలమంతా హ్యాండిలు కింది అతుకు మీద పడుతుంది. అతుకు పగలవచ్చు. దిగుడులో వేగంగా పోయేటప్పుడు ఊడితే...

మిగతాది చదవలేదు. నిఘంటువు మూయకుండానే బయటికొచ్చి ఎస్‌టీడీ బూతు నుంచి మెకానిక్కు పక్క అంగడికి ఫోను చేశాను. ఆయన్ను పిలిచారు.

"మా చెల్లెలు యాడుంది?"

"పొద్దున్నే పాయె. గుట్ట అవతలి పల్లెలకు. యాలప్పా?"

గుట్ట అంటే దిగుడు. ఇప్పుడే వస్తున్నానని ఆయనకు చెప్పి బస్సెక్కాను. ప్రతి గుంతలోనూ బస్సు ఎగిరినప్పుడల్లా ఆ అతుకు కళ్లముందు విరిగింది. పక్కనాయన "వొంట్లో బాగలేదా?" అని నీళ్లిచ్చాడు. తాగలేకపోయాను. మొదటిసారి పడినప్పుడు గడ్డానికి వేసిన కుట్లే ఇంకా ఊడదీయలేదు.

బస్టాండులో మెకానిక్కు మోపెడ్డు స్టార్టు చేసుకునే ఉన్నాడు. వెనక ఎక్కాను. గుట్ట మలుపు తిరిగాక ఎదురుగా చెల్లెలు సైకిలు తోసుకుంటూ నడిచి వస్తోంది. ఎదురెళ్లి హ్యాండిలు లాక్కున్నాను.

"యాల నడుస్తాండావు?"

"ఎక్కేటప్పుడు ముందర చక్రం గాల్లోకి లేస్తాండాది. దిగేటప్పుడు నా మాట ఇనలేదన్నా. బయమేసి దిగేసినా."

"పొద్దున దిగుడు?"

"తొక్కినా. నువ్వు సదివి తెచ్చినావు కదా, నాకే తొక్కేది రాలేదేమో అనుకుంటి."

నేను రోడ్డు పక్కన కూర్చున్నాను.

షాపుకు తెచ్చాక మెకానిక్కు అతుకు మీద కిరసనాయిలు పూసి, కాసేపాగి తుడిచి, సుద్దపొడి చల్లాడు. పగులుంటే లోపలికి దిగిన నూనె తెల్లటి పొడిలో గీతై కనబడుతుందట. ముగ్గురం వంగి చూస్తూ కూర్చున్నాం. సుద్ద తెల్లగానే ఉంది. "ఇంకాసేపు చూద్దాం" అని నేనే అడిగాను. ఇంకాసేపూ తెల్లగానే ఉంది.

మర్నాడు కుప్పం వెళ్లి పొట్టి ఫోర్కు తెచ్చాను. ఆ సైకిలు చెల్లెలి దగ్గర ఉన్నన్నాళ్లూ, వెళ్లినప్పుడల్లా ముందు ఆ అతుకు మీద వేలు పెట్టి చూసి, తర్వాతే ఆమెను పలకరించేవాణ్ణి.

ఇందులో సాయపడినవాళ్ల పేర్లు రాయొద్దని చెల్లెలు అంది, కాబట్టి వాళ్ల పనులే చెబుతాను. నీళ్లిచ్చిన బస్సాయనకు, ఫోను కోసం పరుగెత్తి పిలిచిన పక్క అంగడివాళ్లకు, నవ్వకుండా ఫోర్కు మార్చి ఇచ్చిన కుప్పం అంగడాయనకు, తెరిచి వదిలేసిన నిఘంటువును మూసి నా పేరున తీసిపెట్టిన గ్రంథాలయంలో పనిచేసే ఆమెకు, మోపెడ్డు స్టార్టు చేసి నిలబడ్డ మెకానిక్కుకు దండాలు. నా చదువు మీదకన్నా తన భయం మీద నమ్మకం పెట్టి, ఆ మధ్యాహ్నం సైకిలు దిగి నడిచిన మా చెల్లెలికి అందరికన్నా పెద్ద దండం.