తాత ఫొటో మీద గీతలు

దయ్యం పట్టిందని ఒక పిల్లను బడి మాన్పిస్తే, ఆ ఇంటికి పోయి వాళ్ల నాయనతో గొడవ పెట్టుకున్నదాన్ని నేను. నల్లగొండ దగ్గర సర్కారు బడిలో ఇరవై ఏళ్లుగా సైన్సు చెబుతున్నాను. నిమ్మకాయలో నెత్తురు ఎలా వస్తుందో పిల్లలకు చేసి చూపిస్తాను. ఇది చదివి నాకే మతి పోయిందనుకుంటే అనుకోండి. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది పోచంపల్లిలో నేతపని చేసే ఇల్లు. మా తాత పోయేనాటికి మా నాయనకు, అంటే బాపుకు, నాలుగేళ్లు. తండ్రి ముఖం ఆయనకు గుర్తు లేదు. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఫొటోలో చూసిందే.

అరచేతంత నలుపు తెలుపు ఫొటో అది. తాత కుర్చీలో కూర్చున్నాడు. ఎడమపక్క మా అవ్వ, కుడిపక్క ఇంకో ఆడమనిషి. ఆమె ముఖాన్ని ఎవరో సూదితో గీకేశారు. చిన్నప్పుడు ఎవరని అడిగితే చుట్టాలామె అని మాట దాటేసేవారు. చింపితే తాత కూడా పోతాడు కాబట్టి ముఖం వరకే చెరిపారని పెద్దయ్యాక అర్థమైంది.

మూడేళ్ల కింద బాపుకు చూపు తగ్గడం మొదలైంది. కళ్లు పూర్తిగా పోకముందే తండ్రి ముఖాన్ని పెద్ద పటంలో చూసుకోవాలని ఆయన ఆశ. పెత్రమాస నాటికి కావాలన్నాడు. ఆ రోజు మా దగ్గర పోయిన పెద్దల పేర్లు ఒక్కొక్కటే చెప్పి అయ్యగారికి బియ్యం ఇస్తారు.

నల్లగొండలో ఒక స్టూడియోలో స్కాన్ చేయించాను. మర్నాడు అతను ఫోన్ చేసి, కుర్చీలో ఉన్నాయన ముఖం మీది గీతలు తీసేయాలా అని అడిగాడు. గీతలు ఆమె ముఖం మీద కదా అన్నాను.

"ఇద్దరి మీదున్నయి మేడం," అన్నాడు.

పోయి చూశాను. నిజమే. అసలు ఫొటో పక్కన పెట్టి చూస్తే అందులో తాత ముఖం శుభ్రంగా ఉంది. అతను స్కానర్ అద్దం తుడిచి మళ్లీ తీశాడు. మళ్లీ గీతలే. నా ఫోన్‌తో తీశాను. అందులోనూ అవే. అదే ఫోన్‌తో స్టూడియో అతన్ని తీస్తే బాగానే వచ్చింది.

ఫొటోను ప్లాస్టిక్ కవర్లో పెట్టి, బ్యాగులో వేసుకుని, మధ్యాహ్నం బస్సులో పోచంపల్లి పోయాను. బ్యాగు ఒళ్లోంచి దించలేదు. ఇంట్లో బాపు ముందు ఫొటోను బయటికి తీస్తే తాత ముఖం లేదు. గీకిన చోటంతా తెల్ల కాగితం తేలింది. కవరు మీద చిన్న గీత కూడా లేదు.

బాపు కిటికీ దగ్గరికి పోయి, ఫొటోను కంటికి ఆనించుకుని చూశాడు. ఆమె ముఖం మీదివి పిచ్చిగీతలు. తాత ముఖం మీదివి అలా లేవు. చుబుకం దగ్గర ఒక్క చోట మొదలై, విసనకర్ర విప్పినట్టు, సమానమైన ఎడంతో పైకి పోయాయి. నేతింట్లో పుట్టినవాళ్లకు అదేమిటో చెప్పనక్కర్లేదు. మా ఆడవాళ్లు మేకుల మీద దారం తిప్పుతూ ఆసు పోస్తే సరిగ్గా అలాగే వస్తుంది.

బాపు ఫొటోను మంచం మీద పెట్టాడు. "అండాలు పెద్దమ్మ," అన్నాడు. ఆ పేరు నేను వినడం అదే మొదటిసారి.

ఫొటోలో కుడిపక్కన ఉన్నామె, తాతకు మొదటి భార్య. పన్నెండేళ్లు ఆ ఇంటికి ఆసు పోసి భుజం అరగదీసుకుంది. పిల్లలు కాలేదని తాత మా అవ్వను తెచ్చుకుంటే దానికీ ఊరుకుంది. బాపు పుట్టాక ఆమెను కట్టుబట్టలతో వెళ్లగొట్టారు. తాత పోయిన రోజు పక్క ఊరి నుంచి నడిచి వస్తే, మా అవ్వ గడప తొక్కనివ్వలేదు.

"ఒక్కసారి ముఖం సూపియ్యుండ్రి, సూసి పోత అన్నదట. సూపియ్యలే," అన్నాడు బాపు. ఆమె ముఖం మీది గీతలను వేలితో తడిమి, "ఫొటోల గీకింది నేనే బిడ్డా. మా అమ్మ సూది చేతికిచ్చింది. ఎనిమిదేండ్లు నాకు. ఆటనుకున్న," అన్నాడు.

నాకు భయం వేయలేదు, ఒళ్లు మండింది. తాత మీద, అవ్వ మీద. మంచి పని చేసింది, ఇంకా చేయాలి అనుకున్నాను. కానీ ఆ దెబ్బ తగిలింది బాపుకు.

పెత్రమాస నాడు బాపు మొదట ఆమె పేరే చెప్పి బియ్యం ఇచ్చాడు. ఆమె పోయి ఎన్నేళ్లయినా అప్పటిదాకా మా ఇంట్లో ఆమె పేరున ఒక్క గింజ ఇవ్వలేదు. తప్పైందని ఏడ్చాడు. ఆ రోజు పది సార్లు ఫొటో బయటికి తీసి చూసుకున్నాడు. ఏమీ మారలేదు. ఆమె మెత్తబడలేదు.

సాయంత్రం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అడిగాడు. "ముక్కు ఎట్లుండె బిడ్డా నాయినకు? మీసాలుండెనా? నాకు యాదికొస్తలే."

చెప్పబోయి ఆగిపోయాను. నలభై ఏళ్లుగా చూసిన ఫొటో. కుర్చీ గుర్తుంది, ధోతి అంచు గుర్తుంది, మోకాలి మీది చెయ్యి గుర్తుంది. ముఖం రావడం లేదు. స్టూడియో అతనికి ఫోన్ చేసి అడిగాను. రెండు సార్లు స్కాన్ చేసినవాడికి కూడా గుర్తు లేదు.

కాగితం మీది గీతలకు ఏదో కారణం ఉండొచ్చు, ఇంకా వెతుకుతున్నాను. అందరి తలల్లోంచి ఒక ముఖం ఎలా పోయిందో మాత్రం నాకు ఈనాటికీ అంతుపట్టలేదు. ఈ ఏడు బాపు చూపు పూర్తిగా పోయింది. కలలోకి తండ్రి వస్తున్నాడట. దగ్గరికి పోయి చూస్తే అక్కడా గీతలేనట.