అమ్మ వేలికి తెలిసిన గంజి

మా అమ్మ ఉద్యోగం నా దస్తూరీ వల్ల పోయింది. ఇప్పటికీ తలచుకుంటే ఒళ్లు మండుతుంది.

డెబ్బైల చివర్లో తిరుత్తణిలో నేత నేర్పే కేంద్రం ఒకటి పెట్టారు. పడుగుకు, అంటే మగ్గం మీది నిలువు పోగులకు, గంజి పట్టించడం నేర్పడానికి అమ్మను తీసుకున్నారు. మా వీధిలో ఎవరు పడుగు సాచినా గంజి చూడమని అమ్మనే పిలిచేవాళ్లు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక చుక్క రుద్దేది. తలెత్తి గాలి చూసేది. ఇంకాసిని నీళ్లు పొయ్యమనేది, లేదా నూనె వెయ్యమనేది. కేంద్రం వాళ్లు ఆరు నెలల తర్వాత ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు. మా ఇంట్లో అంతకుముందు నెల జీతం ఎవరూ ఎరగరు.

ఖాయం చేసే ముందు మద్రాసు నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. బియ్యం ఎంత, నీళ్లెంత, నూనె ఎంత అని తమిళంలో అడిగాడు. కాగితం మీద రాసిస్తేనే ఉద్యోగమన్నాడు.

"కొలత యాడుంటాది సార్? దినానికొక మాదిరి. వేలికి తెలుస్తాది," అంది అమ్మ.

అతను నవ్వి, తెలియదని చెప్పమ్మా, పరవాలేదు అన్నాడు. వీధి వీధంతా నమ్మిన మనిషితో అన్నాడు ఆ మాట.

నాకు రోషం పొడుచుకొచ్చింది. పదో తరగతి చదివినదాన్ని మరి. మర్నాడు అమ్మ గంజి కాస్తుంటే పక్కన కూర్చుని, అన్నీ పడితో కొలిచి, తమిళంలో గుండ్రంగా రాశాను.

"ఇది ఈ దినం గంజి పాపా. రేపటిది వేరే," అంది అమ్మ.

"నీకేం తెలీదు, ఊరకుండు," అన్నాను. ఇంత మాట ఆఫీసరు కూడా అనలేదు.

వానలు పడే ఐప్పసి నెలలో మబ్బులు కమ్మిన రోజు అమ్మ జ్వరంతో ఇంట్లో పడుకుంది. కేంద్రంలో నేను రాసిచ్చిన కాగితం చూసి గంజి కాచారు. ఆ తడిగాలికి పడుగు ఆరనే లేదు. పోగులు ఒకదానికొకటి అతుక్కుపోయి, కుంచెతో దువ్వితే పుటుక్కున తెగాయి. గాలి ఎలా ఉందో ఒక్కడైనా తలెత్తి చూశాడా? తప్పు కొలత ఇచ్చిందని అమ్మను మానిపించారు.

అమ్మకు న్యాయం అడగడానికి నేనే వెళ్లాను. వాళ్లు ఆ కాగితం తీసి నా ముందు పెట్టారు. నా రాత కింద అమ్మ వేలిముద్ర ఉంది. వేయించింది నేనే. గంజి చూసే ఆ బొటనవేలినే పట్టుకుని సిరాలో అద్దాను.