ఆది జాకెట్టు, ఆవాల దిండు

అది 2001 ఎండాకాలం. అమలాపురంలో ముమ్మిడివరం బస్సులు ఆగే రోడ్డుకి పక్క సందులో నా కుట్టు దుకాణం ఉండేది. దుకాణమంటే పెద్దగా ఊహించుకోకండి, మా ఇంటి ముందు గదే. రెండు మిషన్లు, కత్తిరించుకునే బల్ల, వెనకాల తెర కట్టిన చిన్న గది. కుట్టినది వేసుకుని చూసుకోవడాన్ని ట్రయల్ అంటాం. ఆ చిన్న గది దానికోసమే. రెండో మిషను మీద మా తోటికోడలు కాంతం కూర్చుని కాజాలు, హుక్కులు చూసుకునేది. కాంతం మంచిదే కానీ నోట్లో నువ్వుగింజ నానదు. ఇక నా సంగతి చెప్పాలంటే, ఊళ్ళో నా కుట్టుకి పేరుంది, నా నోటికి అంతకన్నా పేరుంది.

నేను ఆడవాళ్ళ జాకెట్లు తప్ప కూలికి వేరే ఏమీ కుట్టలేదు. జాకెట్టుకి కొలతలు రెండు రకాలుగా తీసుకుంటాం. మనిషిని నిలబెట్టి టేపుతో కొలవడం ఒకటి. బాగా కుదిరిన పాత జాకెట్టు తెచ్చిస్తే దాన్ని బల్ల మీద పరిచి, అలాగే కత్తిరించడం రెండోది. ఆ పాత జాకెట్టునే ఆది అంటాం. మా వైపు ఎక్కువమంది ఆదే ఇస్తారు. టేపుతో కొలిపించుకోవడం కొందరికి సిగ్గు, కొందరికి తీరిక ఉండదు. నాకూ ఆదే హాయి. మనిషైతే కదులుతుంది, ఊపిరి బిగబడుతుంది, మధ్యలో కబుర్లు చెబుతుంది. ఆది కిక్కురుమనదు.

సత్యవతి గారు ముమ్మిడివరం దగ్గర ఒక పల్లెలో చిన్నపిల్లల బడిలో టీచరు. నలభై దాటిన మనిషి. చాలాకాలంగా నా దగ్గరే కుట్టించుకునేవారు కానీ అంతకుముందు ఏడాదిగా కనబడలేదు. ఆ వేసవిలో ఒకరోజు వచ్చి రెండు నూలు జాకెట్టు గుడ్డలు, ఒక ఆది బల్ల మీద పెట్టారు. మనిషి చిక్కిపోయి ఉన్నారు. చీర కొంగు మెడచుట్టూ తిప్పి కప్పుకున్నారు.

"బళ్ళు తెరిచేలోగా కావాలండి" అన్నారు.

"ఇచ్చేస్తానండి. చిక్కేరు, కొలత తీసుకోమంటారా?"

"వద్దండి. ఆది ఉందిగా."

ఆ ఆది నేను కుట్టిందే. దాని ప్రకారమే కుట్టి ఇచ్చాను. రెండు రోజులకి తిరిగి తెచ్చారు. కుడిపక్క వదులుగా ఉందన్నారు. బల్ల మీద ఆదినీ దీన్నీ ఒకదానిమీద ఒకటి వేసి చూస్తే దారమంత కూడా తేడా లేదు. అయినా కుడిపక్క కుట్టు కాస్త లోపలికి తీసి ఇచ్చాను. మళ్ళీ వచ్చారు. ఇంకా వదులేనట, చంక దగ్గర మాత్రం పట్టేస్తోందట. ఒకేచోట వదులూ బిగువూ రెండూ ఎలా ఉంటాయి? నాకు కోపం ముక్కుమీదే ఉంటుంది. అయినా టీచరు గారని నోరు అదుపులో పెట్టుకున్నాను.

"ఓసారి వేసుకుని చూపించండి" అన్నాను.

"అక్కర్లేదండి, మీరే ఏదో ఒకటి చూడండి."

"చూడకుండా ఏం చూడనండీ? ఆది ప్రకారమే కుట్టేను. ఆది తప్పంటారా, నా చెయ్యి తప్పంటారా?"

ఆవిడ ఆ పాత జాకెట్టుని మడతపెట్టారు. తరవాత నెమ్మదిగా అన్నారు. "ఆదీ తప్పు కాదు, మీ చెయ్యీ తప్పు కాదండి. నేనే మారేను."

నాకప్పుడు తట్టింది. చెయ్యి పట్టుకుని లోపలి గదిలోకి తీసుకెళ్ళి తెర వేశాను.

కేన్సరని కాకినాడలో ఆపరేషన్ చేసి కుడి రొమ్ము తీసేశారు. గాయం మానిపోయింది. పెట్టవలసిన కరెంటు, అదే రేడియేషన్, కూడా పెట్టేశారు, ఇక ఉద్యోగానికి వెళ్ళవచ్చన్నారు. కుడి చెయ్యి భుజం దగ్గర కాస్త వాచి ఉంది. అదీ చంకలో బిగువుకి కారణం. చూడగానే నా గుండె తరుక్కుపోయింది. ఏడిస్తే ఆవిడ ఏడుస్తారని, టేపు చేతిలోకి తీసుకుని చిక్కులేవో విప్పుతున్నట్టు నిలబడ్డాను.

"నా క్లాసు మూడో తరగతండి" అన్నారు ఆవిడ. "ఆ వయసు పిల్లలు మనసులో ఏదీ దాచుకోరు, అడిగేస్తారు. బోర్డు మీద రాస్తుంటే కొంగు జారుతుంది. అందరి ముందూ ఆ అడిగించుకోవడం నావల్ల కాదండి. ఉద్యోగం మానేస్తానని మా ఆయనతో చెప్పేను. ఒక్క జాకెట్టు సరిగ్గా కుదురుతుందేమో చూసి, కుదరకపోతే అప్పుడు మానెయ్యమన్నారు ఆయన."

"మీకు మానెయ్యాలని ఉందాండీ?"

"లేదండి" అన్నారు. అన్నాక ఏడ్చారు. పిల్లల్ని చూడక ఏడాదైందని, బడి లేకపోతే తనకి ఇంకేమీ చేతకాదని చెప్పారు.

మామూలుగా నేను కొలత తీస్తూ అంకెలు గట్టిగా చెబుతాను, బయట కాంతం రాసుకుంటుంది. వీధిలో పోయేవాళ్ళకి కూడా వినబడుతుంది, ఎవరూ పట్టించుకోరు. ఆరోజు బయటినుంచి కాంతం "చెప్పక్కా, రాస్తాను" అంది. "ఇవి నాకు గుర్తుంటాయిలే" అన్నాను. అంతకుముందు ఎన్నడూ అలా అనలేదు కనక కాంతానికి ఏదో అర్థమైంది. మిషను గట్టిగా తొక్కడం మొదలుపెట్టింది, లోపలి మాటలు వీధిలోకి వినబడకుండా.

కుడిపక్క కొలతలు వేరు, ఎడమపక్క వేరు. కుడి చెయ్యి వదులుగా పెట్టి, చంకలో చిన్న చదరపు ముక్క అతికాను, చెయ్యి ఎత్తితే లాగకుండా. జాకెట్టు ముందు భాగంలో గుడ్డ మడిచి కుట్టే ముడతని డార్ట్ అంటాం. వంపు వచ్చేది దానివల్లే. రెండువైపులా డార్టు వేసి, కుడివైపు లోపల మెత్తటి పాత పంచె గుడ్డతో జేబులాంటిది కుట్టాను. అందులో పెట్టుకోవడానికి బూరుగు దూదితో గుండ్రంగా చిన్న మెత్త చేశాను. అద్దంలో చూస్తే ఎంతో బాగుంది. నా పనికి నేనే మురిసిపోయాను.

"టీచరు గారూ, బోర్డు మీద రాస్తున్నట్టు రాయండి" అని నా నీలం సుద్ద ఇచ్చి గోడ చూపించాను. గుడ్డ మీద గుర్తులు పెట్టుకునే పలకలాంటి సుద్ద అది.

ఆవిడ గోడకి ఎదురుగా నిలబడ్డారు. చెయ్యి భుజం దాకా కూడా లేవలేదు, అక్కడే చిన్న గీత పడింది. దూది మెత్త మాత్రం లేచి, మెడ దగ్గరికి వచ్చి కూర్చుంది. ఇద్దరం అద్దంలోకి చూశాం. ముందు ఆవిడే నవ్వారు. "చెయ్యి లేవలేదు గానీ ఇది లేచిందండి" అన్నారు. నవ్వుతూనే మొహం చేతుల్లో పెట్టుకుని కూలబడ్డారు. "ఇంక వద్దండి, మీకు శ్రమ" అన్నారు.

"శ్రమ సంగతి నేను చూసుకుంటాను. ముందు ఆ చెయ్యి సంగతి చెప్పండి. డాక్టరు గారు ఏం చెప్పేరు?"

"గోడ మీద వేళ్ళతో పాకుతూ రోజూ కొంచెం కొంచెం పైకి ఎత్తమన్నారండి."

"ఎత్తుతున్నారా?"

"ఇంట్లో నేను గోడ దగ్గర నిలబడితే మా అత్తగారు చూసి ఏడుస్తారండి. ఆవిడ ఏడుస్తుంటే నాకు చెయ్యి లేవదు."

"అయితే ఇక్కడికి రండి. ఇక్కడ ఏడ్చేవాళ్ళు లేరు, తిట్టేదాన్ని నేనున్నాను" అన్నాను. ఆవిడ కళ్ళు తుడుచుకుని "ఆయ్" అన్నారు. మా వైపు సరేనన్నా, అవునన్నా ఆ ఒక్క మాటే.

అప్పటినుంచి రోజూ మధ్యాహ్నం వాళ్ళాయన స్కూటరు మీద తెచ్చి దింపి, ఎదురింటి అరుగు మీద కూర్చునేవారు. ఆవిడ లోపల గోడ మీద వేళ్ళతో పాకేవారు. ఎంతవరకు వెళితే అంతవరకు నీలం గీత గీసేదాన్ని. నొప్పికి పెదవి కొరుక్కునేవారు, చెయ్యి మాత్రం దించేవారు కాదు.

మెత్త సంగతే తేలలేదు. దూది ఎంత కూరినా లేచిపోతుంది. గుడ్డపేలికలు పెడితే గడ్డకట్టినట్టు ఉంటుంది. కావలసింది మెత్తదనం ఒక్కటే కాదు, బరువు. ఆ బరువు ఒంటితోపాటు కదలాలి. రాత్రీ పగలూ నాకు అదే ఆలోచన. అన్నం తింటూ కూడా వేళ్ళతో ఏదో ఒకటి నొక్కి చూసుకునేదాన్ని.

నాకొక అలవాటుంది. నా దగ్గర కుట్టించుకునే ఆడపిల్లలు పురుడు పోసుకున్నప్పుడు మిగిలిన గుడ్డలతో ఆవాల దిండు కుట్టి ఇస్తాను. పసిపిల్లల తల గుండ్రంగా రావడానికి మా ఇళ్ళలో ఆవాలు పోసిన దిండు మీద పడుకోబెడతారు కదా, అదే. ఒకరోజు అలాంటి దిండొకటి కుట్టి మూతి మూస్తూ, చేత్తో ఎత్తి చూసుకున్నాను. అరచేతిలో జారి ఒదిగింది. నొక్కితే లొంగింది, వదిలితే మళ్ళీ సర్దుకుంది. పసిగుడ్డు తలకే నొప్పి కలిగించనిది ఈవిడకేం చేస్తుంది అనుకున్నాను. ఆ దిండు పక్కన పడేసి వీధిలోకి వెళ్ళి, అరుగు మీద ఉన్న టీచరు గారి భర్తతో సన్న ఆవాలు తెమ్మని చెప్పాను.

"ఆయ్" అని వెళ్ళారు ఆయన. ఎందుకని అడగలేదు. పొట్లంతో తిరిగొచ్చి, "కొట్టతను ఇప్పుడు ఆవకాయేవిటండీ, కాయలైపోయేయి కదా అంటున్నాడండి" అన్నారు.

"మీరేమన్నారు?"

"మా ఇంట్లో ఈ ఏడు ఆలస్యమైందన్నానండి."

అరుగు మీదే కూర్చుని, చేటలో పోసి, కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో మట్టిబెడ్డా ఏరి ఇచ్చారు. ఆ మనిషి అంత శ్రద్ధగా ఏరుతుంటే నాకు కళ్ళు చెమర్చాయి.

కొత్త మెత్తలో వెనకాల ఆవాలు, ముందు పల్చగా దూది, ఒంటికి తగిలేవైపు పంచె గుడ్డ రెండు పొరలు. తీసి ఎండలో పెట్టుకోవడానికి, పైగుడ్డ ఉతుక్కోవడానికి వీలుగా మూతికి హుక్కులు. అవి కాంతమే కుట్టింది. ఏమిటని అడగలేదు, ఎవరికని అడగలేదు. హుక్కులు ఒంటికి గుచ్చుకోకుండా మాత్రం లోపల చిన్న పట్టీ వేసి ఇచ్చింది. నాకు తట్టని సంగతి అది.

సత్యవతి గారు దాన్ని చాలాసేపు అరచేతిలో పట్టుకుని కూర్చున్నారు. "బరువుందండీ" అన్నారు. తరవాత జాకెట్టు వేసుకుని, కొంగు మెడచుట్టూ కప్పుకోకుండా మామూలుగా వేసుకున్నారు. గోడ దగ్గరికి వెళ్ళి చెయ్యి ఎత్తారు. ఆరోజుకి ఆవిడ చెయ్యి నుదుటిదాకా లేస్తోంది. మెత్త కదలలేదు. అలవాటుకొద్దీ తరగతి, మొత్తం, హాజరు అని బోర్డు మీద రాసినట్టే రాశారు. హాజరు పక్కన చెయ్యి ఆగింది.

"రాయండి" అన్నాను.

"బళ్ళో రాస్తానండి" అన్నారు.

బళ్ళు తెరిచినరోజు సాయంత్రం బడినుంచి తిన్నగా దుకాణానికి వచ్చారు. కుడి మోచేతిదాకా సుద్దపొడి. "చూసేరా" అని చెయ్యి చూపించి నవ్వారు. ఒక పిల్లాడు అడిగాడట, టీచర్ ఇన్నాళ్ళూ ఎక్కడికెళ్ళేరని. జబ్బు చేసిందిరా, తగ్గిందిరా అన్నారట. "అయితే ఇంక సెలవు పెట్టరా టీచర్ అని నిట్టూర్చేడండి" అని చెబుతూ కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వారు. నేనూ కాంతమూ కూడా నవ్వాం. ఆరోజంత సంతోషం నాకు మిషను కొన్నరోజు కూడా కలగలేదు.

అక్కడితో ఆగలేదు ఆవిడ. కాకినాడ చూపించుకోవడానికి వెళ్ళినప్పుడల్లా ఎవరో ఒకరితో మాట్లాడి నా దగ్గరికి పంపేవారు. రాజోలు నుంచి ఒకామె, కొత్తపేట నుంచి ఒకామె అలా వచ్చేవారు. ఆదివారాలు ఆవిడే వచ్చి వాళ్ళ పక్కన కూర్చునేవారు. నేను కుట్టగలను కానీ, "నాకూ ఇంతేనండి, చూడండి" అని ఆవిడ అన్నట్టు అనలేను కదా. ఆ మాటతో సగం భయం పోయేది వాళ్ళకి. అందరి గీతలూ అదే గోడ మీద పడ్డాయి. సున్నాలు వేయించినప్పుడు ఆ గోడ ఒక్కటి వదిలెయ్యమనేదాన్ని. నోట్లో నువ్వుగింజ నానని కాంతం, ఇన్నేళ్ళలో వాళ్ళలో ఒక్కరి పేరు కూడా బయట చెప్పలేదు.

నేను మాత్రం ఆ తరవాత ఆదిని నమ్మడం మానేశాను. ఎవరు ఆది తెచ్చినా, "ఇది కుట్టించుకుని ఎన్నాళ్ళైందండీ? ఇప్పుడు ఎలా ఉంటున్నారు?" అని అడిగేదాన్ని. చాలామంది బాగానే ఉన్నామనేవారు. కొంతమంది కూర్చునేవారు. వినడం కూడా కొలత తియ్యడంలో భాగమేనని అలా తెలిసింది. ఊళ్ళో నా నోటికున్న పేరు కూడా కాస్త తగ్గిందట, కాంతం అంటుంది.

ఇంకొకటి నేర్చుకోవలసి ఉండిపోయింది. కొన్నేళ్ళకి నా కుడి భుజం పట్టేసింది. కుట్టుపని చేసేవాళ్ళకి మామూలే. చెయ్యి లేవదు, కత్తెర పట్టలేను, జడ కూడా వేసుకోలేను. ఇంట్లో ఎవరు సాయం వచ్చినా కసిరేదాన్ని. ఒకరికి చెయ్యడమే అలవాటు, చేయించుకోవడం చేతకాదు. సంగతి తెలిసి సత్యవతి గారు వచ్చారు.

"డాక్టరు గారు ఏం చెప్పేరండీ?"

"వేళ్ళు గోడ ఎక్కించమన్నారు."

"ఎక్కిస్తున్నారా?"

నేను ఎడమచేత్తో టేపు చుట్టడం మొదలుపెట్టాను.

"ఏం, ఇంట్లో ఎవరైనా చూసి ఏడుస్తున్నారా?" అన్నారు, మొహం గంభీరంగా పెట్టి. బయట కాంతం పక్కుమంది.

నా చెయ్యి పట్టుకుని లోపలి గదిలోకి తీసుకెళ్ళి, ఆవిడే తెర వేశారు. గోడకి ఎదురుగా నిలబెట్టి, నా మోచేతికింద తన చెయ్యి ఆనించారు. ఆ కుడి చెయ్యే. వేళ్ళు పాకించాను. ప్రాణం పోయినంత పనైంది. ఇక వెళ్ళనన్నచోట ఆవిడ నీలం సుద్దతో గీత గీసి, "నా మొదటిరోజు కన్నా పైనే ఉందండి" అన్నారు.

అది అబద్ధమని గోడ మీదే కనబడుతోంది. ఆవిడ మొదటి గీత నాదానికన్నా జానెడు పైన ఉంది. ఇద్దరం దాన్నే చూస్తున్నాం.

"ఆయ్" అన్నాను.