తిరగని డిస్క్‌లో వెనక మెట్లు

ఇది అబద్ధమైతే ఈ జన్మలో మళ్లీ లైబ్రరీ గడప తొక్కను. నాకు అంతకన్నా పెద్ద ఒట్టు లేదు. ఇంటర్‌తో చదువు ఆగిపోయినదాన్ని. కంప్యూటర్ గురించి నాకు తెలిసిందంతా ఎల్బీనగర్ లైబ్రరీలో కూర్చుని చదువుకున్నదే. అందుకే ఆ రాత్రి గుర్తొస్తే భయం కన్నా ముందు కోపం వస్తుంది... ఇప్పటికీ.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ ఆఫీసులో పని చేసేదాన్ని. ఒక సోమవారం మధ్యాహ్నం స్టాఫ్ రూములోంచి లెక్చరర్ గారి ల్యాప్‌టాప్ పోయింది. అదే సాయంత్రం కెమెరాల రికార్డింగ్ మిషన్ కాలిపోయింది. మర్నాడు మేనేజర్ నేరుగా వాచ్‌మన్ మల్లయ్య మీద పడ్డాడు. మల్లయ్యది నల్గొండ వైపు ఊరు. అరవై దగ్గర పడ్డ మనిషి. పిల్లలందరి ముందూ ఆయన జేబులు తిరగేయించాడు. అన్నం డబ్బా మూత కూడా తీయించాడు. ల్యాప్‌టాప్ అన్నం డబ్బాలో పడుతుందా!

నాకు ఒళ్లు మండింది. "మిషన్ కాలితే కాలింది. లోపల డిస్క్ ఉంటుంది కదా సార్, అది చూడొచ్చుగా?" అన్నాను.

"నువ్వు తీస్తవా, లైబ్రరీ మేడం?" మేనేజర్ నవ్వాడు. "తియ్యి మరి. రేపు పొద్దుగాల పదింటికల్లా తియ్యకపోతే ఈయనని పోలీసోళ్లకు అప్పజెప్తా."

ఆ మిషన్ ఎవరో అమ్మేసిన పాత సర్వర్. డిస్క్ బయటికి తీశాను. వెనక్కి తిప్పి చూశాను. మామూలు డిస్క్‌కైతే కనెక్టర్ మధ్యలో చిన్న ఖాళీ ఉంటుంది. దీనికి ఆ ఖాళీ లేదు. ప్లాస్టిక్‌తో మూసేసి ఉంది. చూడగానే గుర్తుపట్టాను. ఆ గర్వంలో నోరు ఆగలేదు.

"సార్, ఇది సాస్ డిస్క్. సర్వర్లకు వాడేది. చూడ్డానికి మామూలుదానిలాగే ఉంటుంది కానీ మన కంప్యూటర్లకు దీని భాష రాదు. లోపల వేరే కార్డు బిగించకుండా ఇది మన కంప్యూటర్‌లో కనిపించడం అసాధ్యం."

"గంతే కదా. అసాధ్యమని నువ్వే అన్నవ్." మేనేజర్ బైకు తాళాలు తీసుకుని వెళ్లిపోయాడు.

మల్లయ్య గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. "ఇగ గంతేనా అమ్మా?" అన్నాడు.

నా నోటిని నేనే కొట్టుకోవాలనిపించింది.

ఎనిమిదిన్నరకు ఆఖరి బ్యాచ్ వెళ్లిపోయింది. మల్లయ్య కింద గేటు దగ్గరికి వెళ్లాడు. నేను మామూలు కేబుల్ తీసుకుని, దాని మొనకి అడ్డొచ్చే ప్లాస్టిక్ అంచును బ్లేడుతో చెక్కాను. పని చేయదని తెలుసు. అయినా చెక్కాను. కోపంతో చెక్కాను. డిస్క్‌కి బిగించి కంప్యూటర్ ఆన్ చేశాను.

ఏమీ లేదు. అనుకున్నట్టే.

డిస్క్ అరచేతిలో పట్టుకున్నాను. చల్లగా ఉంది. అదురు లేదు. చెవి దగ్గర పెట్టుకున్నాను. లోపల పళ్లెం తిరిగితే సన్నటి రొద రావాలి... రాలేదు. బయట మెట్రో వెళ్లింది. కిటికీ అద్దం గజగజలాడి ఆగింది. తర్వాత ఫ్యాన్ చప్పుడు కూడా వినిపించలేదు. తల ఎత్తి చూశాను. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది...

టిక్.

చేతిలోంచి కాదు. కంప్యూటర్‌లోంచీ కాదు. నా వెనక నుంచి.

తిరిగి చూడలేదు. చూడలేకపోయాను. ఎదురుగా తెర మీద... ఒక వీడియో విండో తెరుచుకుంది. నేను మౌస్ ముట్టుకోలేదు. మా కారిడార్. అడుగున సోమవారం తేదీ. మధ్యాహ్నం రెండు దాటింది. చివరి గ్రిల్ లోంచి దూరంగా కింద గేటు, స్టూలు మీద మల్లయ్య. కదల్లేదు. ఇవతల వెనక మెట్ల తలుపు మెల్లగా తెరుచుకుంది. దాని తాళంచెవి ఉండేది మేనేజర్ ఒక్కడి దగ్గరే. ఒక చెయ్యి... నీలం చొక్కా... నల్ల బ్యాగు. ముఖం గోడ చాటున ఉంది. ఆ చెయ్యి మెట్ల మీద ఆగింది. ఎంతసేపో ఆగింది. నేను చూశానని తెలిసేదాకా ఆగినట్టు...

డిస్క్ ఇంకా నా అరచేతిలోనే ఉంది. చల్లగా. కదలకుండా.

అప్పుడు చేశాను తెలివితక్కువ పని. పక్కనే ఫోన్ ఉంది. ఫొటో తీయాల్సింది. తీయలేదు. లేచి మెట్ల దగ్గరికి పరిగెత్తాను. "మల్లయ్యన్నా! పైకి రా! నువ్వు కదల్లేదు, ఇందులో ఉంది!"

ఆయన రొప్పుతూ వచ్చాడు. తెర మీద ఏమీ లేదు. డిస్క్ లేదని రాసి ఉంది, అంతే.

పొద్దున మేనేజర్‌కి చూసింది చూసినట్టు చెప్పాను. వెనక మెట్లతో సహా. ఆయన ముఖంలో రంగు మారిందా? మారిందనే అనుకుంటాను. కానీ గొంతు మారలేదు.

"ఎట్ల చూసినవ్ మేడం? అసాధ్యమన్నది నువ్వే గదా. నిన్న అబద్ధం చెప్పినవా, ఇయ్యాల చెప్తున్నవా?"

నేను చదివిన ప్రతి పుస్తకమూ ఆయన వైపే ఉంది.

"పోలీసులెందుకు లే, పనిలకెళ్లి తీసేస్తున్న. పెద్ద మనసు చేసుకుంటున్న," అన్నాడు. మల్లయ్యని దొంగ పేరుతోనే పంపేశాడు. మూడో రోజు నేను సర్వర్ సామాను అమ్మే షాపులో సరైన కార్డు అడిగి తెచ్చాను. అప్పటికే డిస్క్ పాత సామానుకి వేసేశామన్నారు ఆఫీసులో.

మల్లయ్య బట్టల సంచి తీసుకోవడానికి వచ్చినప్పుడు ఒక్కటే అడిగాడు.

"నిజంగ నన్ను సూసినవా అమ్మా? స్టూలు మీదనే ఉన్ననా?"

"ఉన్నావన్నా. కదల్లేదు."

"ఇంట్ల ఆమెకు గా మాట నువ్వు చెప్తవా? నేను చెప్తే ఏడుస్తది గని నమ్మది."

ఫోన్ కలిపి ఇచ్చాడు. చెప్పాను. అవతల ఆమె అంతా వింది. తర్వాత పెట్టేసింది. నమ్మిందో లేదో తెలియదు.

నేనూ ఆ నెలలోనే మానేశాను. నిద్రమత్తు అన్నారు, కోపంతో భ్రమపడ్డావన్నారు. తిరగని డిస్క్ బొమ్మ ఎలా చూపిస్తుందో ఏ పుస్తకంలోనూ దొరకలేదు. నా వెనక టిక్‌మన్నది ఏమిటో తెలియదు. కానీ దాని మీద నాకు కోపం. సాయం చేయడానికి వచ్చిందే అయితే, పదిమంది చూస్తుండగా పొద్దున పదింటికి రావొచ్చుగా? నా ఒక్కదానికే ఎందుకు చూపించింది?