అరుణ రెండో ఆట

దంతాలపల్లి హైస్కూల్లో అరుణ పిల్లలకు కంప్యూటర్ చెప్పేది. కాంట్రాక్టు ఉద్యోగం. బడి నుంచి వచ్చి వంట ముగించాక, నలుగురూ సీరియల్ ముందు కూర్చునే వేళకు ఆమె తన పాత కంప్యూటర్ ముందు కూర్చుని ఆటలు తయారుచేసేది. చెయ్యమని ఎవరూ అడగలేదు, చేస్తే ఎవరూ ఏమీ ఇవ్వరు. హన్మకొండలో చదువుకునే రోజుల్లో ఒక పుస్తకంతో పాటు వచ్చిన సీడీ చూసి నేర్చుకున్న విద్య అది. పెళ్లయినా, ఉద్యోగం వచ్చినా ఆ పిచ్చి మాత్రం పోలేదు.

ఆమె చేసిన మొదటి ఆటలో ఒక కోడిపుంజు రోడ్డు దాటాలి. అటు నుంచీ ఇటు నుంచీ ఆర్టీసీ బస్సులు వస్తుంటాయి. భర్త మహిపాల్ తొర్రూరు డిపోలో కండక్టర్. కోడి మా బస్సు కిందే పడాలా, లారీలు లేవా అని చాలా రోజులు దెప్పాడు. బడి పిల్లలు ఆ ఆటను పెన్‌డ్రైవుల్లో ఎక్కించుకుని ఊరూరా పంచారు. ఒకసారి డ్యూటీ మీద జనగామ పోయిన మహిపాల్, బస్టాండు ఎదుటి ఇంటర్నెట్ సెంటర్లో ఎవరో అదే కోడిని దాటిస్తుంటే చూసి, అది తన భార్య చేసిన ఆటేనని అక్కడున్న అందరికీ చెప్పి మరీ వచ్చాడు.

చిక్కంతా రెండో ఆటతో వచ్చింది. ఆలోచనలకు కొదవలేదు. ఒకటి మొదలుపెట్టి నాలుగు రోజులు చేసేసరికి ఇంకొకటి తోచేది. చేతిలో ఉన్నది చప్పగా కనబడేది, కొత్తది తీయగా ఊరించేది. అలా సగంలో ఆగిపోయిన ఆటలతో కంప్యూటర్ నిండింది.

అంతలో రెండువేల పదకొండులో తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె వచ్చింది. బడులు మూతపడ్డాయి, బస్సులు డిపోల్లోనే నిలిచాయి. భార్యాభర్తలిద్దరికీ ఎక్కడలేని తీరిక దొరికింది. అయితే భూపాలపల్లి వైపు గనుల్లో బొగ్గు తీసేవాళ్లు కూడా సమ్మెలోనే ఉండటంతో కరెంటు కోతలు మొదలయ్యాయి. పొద్దున కాసేపు, పొద్దుగూకాక కాసేపు కరెంటు ఉంటే అదే గొప్ప. ఒకరోజు పొద్దున కరెంటు ఉన్నంతసేపూ కూర్చుని చేసిన పని, దాచుకోకముందే కరెంటు పోయి గంగలో కలిసింది. అప్పుడు అరుణ గట్టిగా నిశ్చయించుకుంది. ఏ ఆట చెయ్యాలో ముందు తేల్చుకోవాలి. తేలాకే కంప్యూటర్ ముట్టాలి.

సగంలో ఆగినవాటిలో మూడింటిని పక్కకు తీసింది. మొదటిది రైలు రోకో ఆట: పట్టాల మీద కూర్చున్న జనాన్ని పోలీసులకు దొరక్కుండా కాపాడాలి. అది మహిపాల్‌కు ప్రాణం. రెండోది అత్తమ్మ నర్సమ్మ చిన్నప్పటి నుంచీ గుంతల పీట మీద గింజలతో ఆడిన ఓనగుంతలు. మూడోది అరుణ మనసులోది: గుట్టల్లో తప్పిపోయిన మేకపిల్లను వెతికే ఆట. కరెంటు లేకపోతేనేం, నేల ఉంది కదా, జనంతో ఆడించి చూద్దాం అనుకుని ఒక సుద్దముక్క, గుప్పెడు చింతగింజలు పట్టుకుని ఊరి సెంటర్లోని దీక్షా శిబిరానికి వెళ్లింది. అక్కడ పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చునేవాళ్లకు కాలక్షేపమూ కావాలి.

రైలు ఆట గీసింది. మహిపాల్ జనం పక్షాన కూర్చున్నాడు, ఆయన బస్సు డ్రైవర్ పోలీసుల పక్షాన కూర్చున్నాడు. మొదటిసారి నవ్వులు, కేకలు. రెండోసారికి గింజలు పక్కనబెట్టి రాష్ట్రం ఎప్పుడొస్తుందన్న వాదనలో పడ్డారు. పక్కనే ఉన్న ఐలయ్యను కూడా ఆడమని పిలిచింది అరుణ. ఆ పెద్దాయన మానుకోట స్టేషన్ దగ్గర పట్టాల మీద కూర్చుని లాఠీ దెబ్బలు తిన్నవాడు. గింజను కాసేపు వేళ్ల మధ్య తిప్పి కింద పెట్టేశాడు.

"నాకు ఆడబుద్ధి గాట్లేదు బిడ్డా. గా దెబ్బ ఇంకా సలుపుతనే ఉన్నది" అన్నాడు నవ్వుతూనే.

అరుణ ఆ గీతలను తడిబట్టతో తుడిచేసింది.

ఓనగుంతలు చూపించబోతే నర్సమ్మే అడ్డుపడింది. పీట ఇంట్లో ఉండగా కంప్యూటర్‌లో గుంతలెందుకని ఆమె అడిగేసరికి అరుణ ఆ ఆటను పక్కన పెట్టేసింది. ఇక మిగిలింది మేకపిల్ల. అందరూ ఇష్టంగానే వెతికారు. దొరికింది. మళ్లీ ఆడదామంటే ఎవరూ కదల్లేదు. మేక ఎక్కడుందో తెలిశాక ఇంకేం వెతుకుతాం అన్నారు. ఆ మాట నిజమే. అయినా ఆ సాయంత్రం అరుణకు అన్నం సయించలేదు. చూసే కళ్లు లేవని ఊరిని తిట్టుకుంది.

రెండు రోజులకు హైవే మీద వంటావార్పు పెట్టారు. రోడ్డుకు అడ్డంగా రాళ్ల పొయ్యిలు వరసగా వెలిశాయి. పక్క తండా నుంచి వచ్చిన రుక్కి పొయ్యిల పెత్తనం తీసుకుంది. పెళ్లిళ్లలో వంద మందికి వండి అలవాటున్న మనిషి. తండా ఆడవాళ్లకు తమ భాషలో, ఊరివాళ్లకు తెలుగులో, ఒకే ఊపిరిలో పనులు పురమాయించేది. అంతకుముందు రాత్రి వానపడి కట్టెలన్నీ తడిశాయి. ఎండుకట్టెలు నాలుగంటే నాలుగే. వాటినే ఒక పొయ్యిలోంచి తీసి ఇంకో పొయ్యిలోకి మారుస్తూ పని నడపాలి. ఆ కట్టెలు మార్చే పని అరుణ మీద పడింది.

ఒకచోట అన్నం ఉడుకుపట్టేసరికి ఇంకోచోట పప్పు చల్లబడేది. పప్పుకు కట్టె పెడితే చారు ఆగేది. ఇటు చూస్తే జనం బంతుల్లో కూర్చుంటున్నారు. ఒక బంతి లేవకముందే ఇంకో బంతి తయారు. అరుణ పరుగులు పెడుతూ పెడుతూ ఒక్కసారిగా నిలబడిపోయింది. నాలుగు కట్టెలు, ఏడు పొయ్యిలు, ఆగకుండా వచ్చే జనం. ఏ పొయ్యి నుంచి తియ్యాలి, ఎందులో పెట్టాలి? ఇది ఆట కాక మరేమిటి? అలా కళ్లు విప్పార్చుకుని ఆలోచిస్తుండగా పప్పు మాడింది.

"ఏంది టీచరమ్మా, నిలవడి నిద్రపోతున్నవా?" అంది రుక్కి. "గా కట్టె గుంజు, ముందుగాల గుంజు."

మాడిన పప్పే అందరూ తిన్నారు. మహిపాల్ రెండుసార్లు వడ్డించుకున్నాడు, భార్య మాడ్చిందని అందరికీ చెబుతూ.

మరునాడు అరుణ శిబిరంలో నేల మీద పొయ్యిలు గీసింది. కట్టెలకు బదులు అగ్గిపుల్లలు, జనానికి బదులు చింతగింజలు. రుక్కిని కూర్చోబెట్టింది. రుక్కి జోరుగా మొదలుపెట్టి, మూడో బంతికి అన్నం చాలక ఓడిపోయింది. గింజల వైపు కోపంగా చూసింది.

"మళ్ల పెట్టు" అంది.

మళ్లీ ఓడింది. మళ్లీ పెట్టమంది. వెనక నిలబడ్డవాళ్లు సలహాలిచ్చి చీవాట్లు తిన్నారు. మహిపాల్ మాత్రం మూతి ముడిచాడు. ఇంత పెద్ద ఉద్యమంలో నీకు పొయ్యిలే కనబడ్డాయా అని అడిగాడు. అరుణ పుల్లలు ఆయన ముందుకు తోసింది. రెండో బంతికే ఆయన పప్పు మాడింది. ఆ రోజు మహిపాల్ మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రాలేదు, పుల్లలు వదల్లేదు.

ఒక్క నియమం దగ్గర అరుణ తటపటాయించింది. వంటావార్పు రోజున రోడ్డు మీద ఆగిపోయిన ఆంధ్ర లారీల డ్రైవర్లు కూడా వచ్చి బంతిలో కూర్చున్నారు. ఆటలో వాళ్లను లెక్కలోకి తీసుకోవాలా వద్దా అని రుక్కిని అడిగింది.

"ఆకలైనోడు ఎవడైతేంది? కూసోవెట్టు" అంది రుక్కి.

ఇక అరుణకు అనుమానం లేదు. మేకపిల్ల మీద మమకారం పోలేదు గానీ, చెయ్యాల్సింది ఏదో తేలిపోయింది. కరెంటు ఉన్న కాసేపటినీ పొయ్యిల బొమ్మలకే ఖర్చుపెట్టింది.

సమ్మె ముగిసింది. రాష్ట్రం రాలేదు. బడులు తెరిచిన రోజున స్టాఫ్‌రూంలో ఎవరి ముఖంలోనూ కళ లేదు. అరుణ కూడా దిగులుగానే ఉంది. కానీ ఇంటికొచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంటే తెర మీద బంతులు కూర్చుంటున్నాయి, పొగ లేస్తోంది. ఆ పనిలో పడి మనసు తేటపడేది.

చలికాలం వెళ్లేసరికి ఆట పూర్తయింది. సెలవు రోజున రుక్కిని బడికి పిలిపించి చూపించింది. రుక్కి మౌస్ పట్టుకోవడం అదే మొదలు. దాన్ని గరిటెలా బిగించి పట్టుకుంది. కాసేపటికే చెయ్యి కుదిరింది, తెర మీది బొమ్మలను తండా భాషలో అదిలించడం మొదలుపెట్టింది. చివరికి మాత్రం పెదవి విరిచింది. ఇంత తొందరగా ఏ బియ్యమూ ఉడకదట. అరుణ ఆ రోజే బియ్యం ఉడికే సమయం పెంచింది.

మహిపాల్ టికెట్ల సంచిలో సీడీలు వేసుకుని మానుకోటలో కొన్ని, జనగామలో కొన్ని పంచాడు. అవి చేతులు మారి ఎక్కడిదాకా పోయాయో ఎవరికీ తెలియదు. ఆట మొదట్లోనే అరుణ తన పేరు, ఫోన్ నంబరు పెట్టింది. ఒకరోజు పొద్దున్నే ఫోన్ మోగింది. భూపాలపల్లి నుంచి గీత అనే ఆవిడ, భర్త గనిలో పనిచేస్తాడట.

"అక్కా, నాలుగో బంతి కాడ రోజూ పప్పు మాడుతున్నది, ఎట్ల చెయ్యాలె?" అని అడిగింది.

అరుణ పొయ్యి మీది చాయను దించి, కొంగుతో చేతులు తుడుచుకుని, తీరిగ్గా కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది.